తలపట్టీది చిన్న పనేం కాదు

సామల్పట్టి పేరు వినగానే గుర్తుపట్టేవాళ్లు రెండు రకాలు. ఒకరు రైల్వేవాళ్లు. జోలార్‌పేట నుంచి సేలం వెళ్లే మార్గంలో తిరుపత్తూరు దాటాక, మొరప్పూరు ఇంకా రాకముందు తగిలే స్టేషను ఇది. మద్రాసు రైల్వే కంపెనీ తిరుపత్తూరు నుంచి సేలం దాకా 1861లో బండ్లు నడిపింది. ఈ ఊరి జిల్లా కేంద్రం కృష్ణగిరి పట్టణానికైతే ఈనాటికీ రైలు లేదు. తిరుపత్తూరు నుంచి 1905లో అక్కడికి వేసిన చిన్నపట్టాల లైను 1936లో మూతపడింది, మళ్లీ రాలేదు. జిల్లా కేంద్రానికే లేని రైలు కూత సామల్పట్టికి మాత్రం నూట అరవై ఏళ్లుగా అలవాటు.

రెండోవారు భూగర్భ శాస్త్రజ్ఞులు. ఈ ఊరి చుట్టుపక్కల నేలలో కార్బొనటైట్ అనే అరుదైన రాయి ఉంది. దాదాపు 80 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లోంచి కరిగి పైకొచ్చి గట్టిపడిన రాయి అది. ప్రపంచంలో పేరుమోసిన అరుదైన మృత్తికా లోహాల గనులు, చైనాలోని బయాన్ ఓబో అయినా కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ అయినా, ఈ రాతి కుటుంబంలోనివే. సామల్పట్టిలో అలాంటి గని ఏదీ లేదు. కానీ చెవికి పెట్టుకునే దాదాపు ప్రతి మంచి హెడ్‌ఫోన్‌లోనూ ఉండే చిన్న అయస్కాంతానికి మూలం ఆ లోహాలే.

హెడ్‌ఫోన్ కథకు ఈ రెండు దారులూ పనికొస్తాయి. చేతులు ఖాళీగా ఉంచుకుని వినాల్సిన ఉద్యోగాలు హెడ్‌ఫోన్‌ను పుట్టించాయి. రైల్వే కంట్రోలు అలాంటిదే. అయస్కాంతం బరువేమో ఆ హెడ్‌ఫోన్ తలమీద నిలుస్తుందా లేదా అన్నది తేల్చింది. ఈ రెండింటి నడుమ నూటపాతికేళ్లుగా నలుగుతున్న వస్తువు హెడ్‌బ్యాండ్, అంటే తలపట్టీ. మోత అంతా దానిదే, విరిగేదీ ముందు అదే. రిపేరు షాపుకి వచ్చే హెడ్‌ఫోన్లలో స్పీకరు చచ్చిపోయినవాటిని పక్కన పెడితే, మిగిలినవి చాలావరకు వైరు తెగినవో పట్టీ విరిగినవో. అయినా హెడ్‌ఫోన్ల చరిత్ర రాసేవాళ్లు ధ్వని గురించి రాసినంత ప్రేమగా పట్టీ గురించి రాయరు. ఇది సరిచేయాల్సిన లోటు.

పాతకాలపు రైల్వే సెక్షన్ కంట్రోలరు పని ఒకసారి చూడాలి. పదుల స్టేషన్ల నుంచి ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది అన్న కబురు ఒకే తీగమీద వస్తుండేది. ఎదురుగా పరిచిన చార్టుమీద ప్రతి బండికీ గీత గీస్తూ పోవాల్సి ఉండేది. ఒక చేతిలో పెన్సిలు, ఇంకో చేతికింద స్కేలు. ఇక రిసీవరు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకే కంట్రోలు ఆఫీసుల్లో రిసీవరు తలకెక్కింది, మాట్లాడటానికి నొక్కే స్విచ్ కాలికిందకి దిగింది. ఎనిమిది గంటల డ్యూటీలో చెవిమీద ఆ నొక్కు ఎంతుండేదో ఆ కుర్చీలో కూర్చున్నవారికే ఎరుక. పాటలు వినడానికి కాదు, ఉద్యోగం చేయడానికి పుట్టిన వస్తువు హెడ్‌ఫోన్. దాని ఎముకల గూడులో ఇప్పటికీ ఆ ఉద్యోగపు వాసన పోలేదు.

మొదట్లో తలమీద ఏ పట్టీ లేదు. 1880లలో అమెరికా టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో పనిచేసేవారికోసం ఎజ్రా గిలిలాండ్ ఒక సాధనం తయారుచేశాడు. రిసీవరును, మాట్లాడే గొట్టాన్ని కలిపి భుజాలమీద మోయాలి. బరువు కొన్ని కిలోలు. లండన్‌లో 1895 నుంచి 1925 దాకా నడిచిన ఎలెక్ట్రోఫోన్ సేవలో ఇంకో పద్ధతి ఉండేది. నాటకశాలల్లోనూ చర్చిల్లోనూ పెట్టిన మైకుల నుంచి టెలిఫోన్ తీగలమీద చందాదారుల ఇళ్లకు పాటా ప్రసంగమూ చేరేవి. వినేవాళ్లు గడ్డం కిందినుంచి రెండు చెవులకూ వచ్చే కమ్మీని పిడి పట్టుకుని ఎత్తి ఉంచాలి. నాటకం నడిచినంతసేపూ చెయ్యి దించడానికి వీల్లేదు. సంపన్నుల వినోదంలో అది చెల్లింది. పని చేసుకునేవాడికి చెల్లదు.

తలమీది పట్టీకి ఈనాటి రూపం ఇచ్చినవాడు అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియేల్ బాల్డ్విన్. పుట్టింది 1878లో, ఫిల్‌మోర్ అనే చిన్న ఊళ్లో. మార్మన్ భక్తుడు. పెద్ద ప్రార్థనామందిరంలో వెనక కూర్చున్నవాళ్లకు ప్రసంగం వినపడకపోవడం అతణ్ణి బాధించింది. ఆ బాధతోనే వినికిడి యంత్రాల పనిలో పడ్డాడు. 1910లో తాను చేసిన ఒక జత రిసీవర్లను అమెరికా నౌకాదళానికి పోస్టులో పంపాడు. నౌకాదళం వాళ్లు పరీక్షించి చూస్తే, తమ దగ్గరున్నవాటికన్నా ఎంతో మెరుగ్గా వినిపించాయి. ఆర్డరు పెడదామంటే అతను రాసిన జవాబు వాళ్లను ఆశ్చర్యపరిచింది: ఇంట్లో వంటగదిలో తయారుచేస్తున్నాను, ఒక్కసారికి పది జతలకు మించి ఒప్పుకోలేను అని.

ఆ జతలతో నౌకాదళానికి వచ్చిన చిక్కు ధ్వనితో కాదు, పట్టీతో. తలను బిగించేస్తోందని ఫిర్యాదు. బాల్డ్విన్ దాన్ని తిరగరాశాడు. తోలు తొడిగిన రెండు సన్నని కమ్మీలను పక్కపక్కన పెట్టి, వాటి కొసల్లో రిసీవర్లు పైకీ కిందకీ జారేలా అమర్చాడు. కమ్మీ వంగుతుంది కాబట్టి తల వెడల్పుకు సర్దుకుంటుంది. రిసీవరు జారుతుంది కాబట్టి తల ఎత్తుకు సర్దుకుంటుంది. రెండు కమ్మీలు కావడంవల్ల బరువు ఒకే గీతమీద పడదు. ఇంత చక్కని అమరికకు పేటెంటు తీసుకోమని నౌకాదళమే సలహా ఇచ్చింది. ఇంత చిన్నదానికి పేటెంటు దేనికని అతను వద్దన్నాడు. మొదటి ప్రపంచయుద్ధం ఆ హెడ్‌ఫోన్లకు గిరాకీ తెచ్చింది, రేడియో పిచ్చి దాన్ని ఇంకా పెంచింది. 1924లో ఆ సంస్థ దివాళా తీసింది. తరవాత అతను జైలుకూ వెళ్లాడు, 1961లో పేదగా పోయాడు. అతను చిన్నది అనుకున్న అమరిక మాత్రం ఇవాళ ఏ షాపులో ఏ హెడ్‌ఫోన్ పట్టుకున్నా చేతికి తగులుతుంది. హెడ్‌ఫోన్ల చరిత్రలో ఇంత పెద్ద తప్పు అంచనా ఇంకొకటి లేదు. మరింత విచారకరం ఏమిటంటే, పట్టీ చిన్న విషయమన్న ఆ అభిప్రాయం అతనితో పోలేదు.

దక్షిణ భారతంలో మామూలు జనం హెడ్‌ఫోన్‌ను మొదట చూసింది రేడియోతోనే. 1924 మే నెలలో సి.వి. కృష్ణస్వామి చెట్టి ప్రోద్బలంతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడింది. అదే ఏడాది జూలై 31న 40 వాట్ల ట్రాన్స్‌మిటరుతో ప్రసారాలు మొదలుపెట్టింది. క్రిస్టల్ సెట్టుకు బ్యాటరీ అక్కర్లేదు, కానీ దాని బలం చెవికి ఆనించిన రిసీవరును కదిలించేంత వరకే. గది అంతా వినిపించే శక్తి దానికి లేదు. కాబట్టి వినాలంటే తలకు తగిలించుకోవాల్సిందే. ఒక జత రిసీవర్లను పట్టీనుంచి ఊడదీసి చెవికొకటి చొప్పున ఇద్దరు పంచుకోవడం ప్రపంచమంతటా ఆ కాలపు అలవాటు. పట్టీ ఊడిరావడం అప్పట్లో లోపం కాదు, సౌకర్యం.

డబ్బుల్లేక క్లబ్బు 1927లో మూతపడింది. ట్రాన్స్‌మిటరు మద్రాసు కార్పొరేషను చేతికి వెళ్లి, 1930 నుంచి సాయంత్రాలు మళ్లీ పలికింది. కార్పొరేషను పార్కుల్లోనూ మెరీనా ఒడ్డునా లౌడ్‌స్పీకర్లు పెట్టించింది. దాంతో వినడం తలమీదనుంచి గాలిలోకి వెళ్లిపోయింది. 1938 జూన్ 16న మద్రాసులో ఆకాశవాణి కేంద్రం వచ్చేనాటికి, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం తెరుచుకునేనాటికి ఇళ్లలో వాల్వు రేడియోలు, హోటళ్లలో పెద్దపెద్ద స్పీకర్లు వచ్చేశాయి. హెడ్‌ఫోన్ మళ్లీ ఉద్యోగంలోకి పోయింది: ఆకాశవాణి కంట్రోలు రూములకూ, మద్రాసు సినిమా స్టూడియోల్లో సౌండ్ రికార్డిస్టు బల్లకూ. తెలుగు సినిమా పాటా మాటా తెరమీదికి వెళ్లే ముందు మొదట ఆ రికార్డిస్టు చెవుల మధ్య పరీక్షకు నిలిచేవి. ఆ పరికరాలన్నీ విదేశాలనుంచి వచ్చినవే. విరిగితే కొత్తది అడగ్గానే వచ్చే రోజులు కావు. అందుకే స్టూడియోల్లో మెయింటెనెన్సు వాళ్లకు పట్టీ అతకడమూ సోల్డరింగూ పక్కపక్క పనులు.

ఇంట్లో కూర్చుని స్టీరియో సంగీతం ఆస్వాదించడానికి హెడ్‌ఫోన్ అన్న ఆలోచన 1958 నాటిది. అమెరికాలోని మిల్వాకీలో జాన్ కాస్, మార్టిన్ లాంగే అనే ఇద్దరు ఒక చిన్న రికార్డు ప్లేయరును అమ్మబోయి, దానికి తోడుగా స్టీరియో హెడ్‌ఫోన్ ఒకటి తయారుచేశారు. చిన్న స్పీకర్లను గిన్నెల్లో బిగించి పైన ఒక పట్టీ. ప్రదర్శనకు వచ్చినవాళ్లు ప్లేయరును పట్టించుకోలేదు, హెడ్‌ఫోన్ దగ్గర గుమిగూడారు. కాస్ ఎస్‌పి/3 అలా పుట్టింది. హైఫై హెడ్‌ఫోన్ల వంశం దానితో మొదలు.

ఇక్కడినుంచి పట్టీ బాధ్యత రెండింతలైంది. రైల్వే కంట్రోలరుకు మాట స్పష్టంగా వినపడితే చాలు. సంగీతానికి మృదంగం కింది స్థాయి కూడా కావాలి. మూసిన గిన్నెల హెడ్‌ఫోన్లో చెవి చుట్టూ చిక్కుకున్న కాస్త గాలిని డయాఫ్రం నెట్టీ లాగీ మంద్రస్థాయిని వినిపిస్తుంది. దిండుకీ చర్మానికీ మధ్య సందు దొరికితే ఆ గాలి తప్పించుకుంటుంది, దానితోపాటే మంద్రమూ పోతుంది. సందు లేకుండా నొక్కి ఉంచేది పట్టీ. ఇంటి హెడ్‌ఫోన్లలో ఈ నొక్కు సుమారు మూడు న్యూటన్లకు అటూఇటూగా ఉంటుంది. స్టూడియో రకాల్లో దాదాపు రెట్టింపు కూడా ఉంటుంది. పట్టీ వదులైన హెడ్‌ఫోన్ తెచ్చి స్పీకరు పాడైందని చెప్పేవాళ్లున్నారు. రెండు చేతులతో గిన్నెల్ని చెవులకు కాస్త అదిమి చూస్తే తెలిసిపోతుంది. ఆ క్షణం మృదంగం తిరిగొస్తే జబ్బు పట్టీది. పట్టీ వట్టి మోసే వస్తువు కాదు, ధ్వనిలో దానికీ వాటా ఉంది.

ఈ సంగతి జర్మనీ, ఆస్ట్రియా కంపెనీలు ముందే గ్రహించినట్టు వాటి పని చూస్తే అనిపిస్తుంది. బెర్లిన్‌లో యూజెన్ బేయర్ 1937లో తెచ్చిన డిటి 48 నమూనా 2012 దాకా తయారవుతూనే ఉంది. డెబ్బై అయిదేళ్లు! విడిభాగాలు మారుస్తూ వాడుకోగల నిర్మాణం కాకపోతే రేడియో కేంద్రాలు దాన్ని అన్నేళ్లు అట్టేపెట్టుకునేవి కావు. సెన్‌హైజర్ 1968లో హెచ్‌డి 414 విడుదల చేసింది. పసుపుపచ్చ నురుగు దిండ్లు, తెరిచిన గిన్నెలు, బరువు సుమారు 135 గ్రాములు. గాలిని బంధించని నిర్మాణం కాబట్టి గట్టిగా నొక్కాల్సిన పనిలేదు. దాంతో పట్టీ సన్నని ప్లాస్టిక్కుతో సరిపోయింది. వైరు, దిండ్లు, గిన్నెలు అన్నీ చేత్తో ఊడదీసి మార్చుకోవచ్చు.

వియన్నాలోని ఏకేజీ 1975లో కె240 తెచ్చి పట్టీని ఇంకో దారిలో ఆలోచించింది. పైన రెండు కమానులు, వాటికింద వేలాడే తోలు పట్టీ. తోలు పట్టీని రెండువైపులా ఎలాస్టిక్ తాళ్లు పైకి లాగుతుంటాయి. తలకు పెట్టుకోగానే తానే సర్దుకుంటుంది, మీట జరిపే పనిలేదు. పదిహేను ఇరవై ఏళ్లకు ఎలాస్టిక్ సాగిపోయి గిన్నెలు చెవులకన్నా కిందకు జారతాయి. కొసల్లో ఉన్న చిన్న ప్లాస్టిక్ పెట్టెల స్క్రూలు తీసి, అదే మందం ఎలాస్టిక్ కొత్తది ఎక్కిస్తే పని అయిపోతుంది. టైలరు దగ్గర దొరికే ఎలాస్టిక్ చాలు. ఏకేజీ వియన్నా కర్మాగారం 2017లో మూతపడింది. అక్కడ తయారైన పాత కె240లు ఇంకా పాడుతున్నాయంటే ఆ నాలుగు స్క్రూల పుణ్యమే.

తరవాత వచ్చింది బరువు విప్లవం. దాని మూలం నేలలోని రాతిలో ఉంది. 1960ల దాకా అయస్కాంతాలంటే ఇనుప మిశ్రమాలో, ఫెరైట్ బిళ్లలో. బలం కావాలంటే బరువు పెరగాల్సిందే. సమేరియం, కోబాల్టు కలిపిన అయస్కాంతాలు 1960ల చివర్లో వచ్చి ఆ లెక్క మార్చాయి. చిటికెడు లోహంలో పిడికెడు బలం. 1979 జూలై 1న సోనీ వాక్‌మన్ అమ్మకానికి వచ్చినప్పుడు దాంతోపాటు ఇచ్చిన హెడ్‌ఫోన్‌లో ఆ అయస్కాంతమే ఉంది. అప్పటిదాకా హెడ్‌ఫోన్లు చాలావరకు 300, 400 గ్రాములు. ఇదేమో 50 గ్రాముల లోపు. ఇంత తేలికైనదానికి తోలూ మెత్తా ఎందుకు? ఒక సన్నని ఉక్కు రేకు చాలనుకున్నారు, చాలింది కూడా. 1980ల మొదట్లో నియోడిమియం అయస్కాంతం రావడంతో ఆ తేలికతనం ఇంకా పెరిగింది. కార్బొనటైట్ రాళ్లు ప్రపంచానికి ఇచ్చిన లోహాల్లో సగటు మనిషి చెవికి అతి దగ్గరగా వచ్చింది ఇదే.

తెలుగునాట వాక్‌మన్ ఎక్కువగా కువైటు, దుబాయి నుంచి సెలవుకు వచ్చినవాళ్ల సూట్‌కేసుల్లో దిగింది. కడప జిల్లాలోనూ కోనసీమలోనూ టూ-ఇన్-వన్ పక్కన అదీ ఉండేది. ఆ రేకు పట్టీ పిల్లల చేతుల్లో ఎన్నాళ్లు నిలుస్తుంది? విరిగాక పంపడానికి ఊళ్లో సర్వీసు సెంటరు లేదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ, మద్రాసు రిచీ స్ట్రీట్, బెంగుళూరు ఎస్‌పీ రోడ్డు: ఈ మూడు బజార్లే విడిభాగాలకు దిక్కు. హోసూరు, డెంకణికోట ప్రాంతపు తెలుగువాళ్లకు ఎస్‌పీ రోడ్డు దగ్గర. సామల్పట్టివాళ్లకు రైలెక్కితే రిచీ స్ట్రీట్ కూడా అందుబాటే. ఆ బజార్లలో ఒక హెడ్‌ఫోన్ పట్టీ ఇంకో హెడ్‌ఫోన్ గిన్నెలకు చేరడం మామూలు సంగతి. కంపెనీ పేరుకు విలువ అక్కడ తక్కువ, కమ్మీ మందానికి ఎక్కువ.

మరమ్మతు పనిలోకి వెళ్దాం. పట్టీ విరిగే చోట్లు నాలుగే. నడినెత్తిన వంపు దగ్గర ప్లాస్టిక్ చీలుతుంది. పొడవు సర్దే జారుడు పట్టీ పళ్లు అరిగి టిక్కు టిక్కుమనడం మానేస్తుంది. గిన్నెను రెండువైపులా పట్టుకునే యోక్ అనే కొక్కెం మూలలో పగులుతుంది. గిన్నె తిరిగే ఇరుసు దగ్గర చిన్న పిన్ను ఊడుతుంది. నాలుగింట్లోనూ కారణం ఒకటే: తలకు పెట్టుకున్న ప్రతిసారీ, తీసిన ప్రతిసారీ అదే చోట వంపు. పదివేలసార్లు వంగిన ప్లాస్టిక్కు అలసిపోతుంది. ఒక చేత్తో ఒక గిన్నె పట్టుకుని లాగి తీసే అలవాటున్నవాళ్లకు ఇంకా త్వరగా.

మన వాతావరణం మరో రెండు శత్రువుల్ని చేర్చింది. ఒకటి చెమట. ఉప్పు చేరిన చోట చిన్న స్క్రూలు తుప్పుపట్టి తలలు అరుగుతాయి. అప్పుడు సరైన సైజు స్క్రూడ్రైవరు కాకుండా దొరికింది పెట్టి తిప్పితే కథ ముగిసినట్టే. రెండోది తలనూనె. పట్టీమీది రెక్సిను పాలీయురథేన్ పూతతో చేసినది. వేడిలో తేమలో అది దానికదే పొట్టు రాలుతుంది. నూనె అంటితే లోపలి నురుగూ త్వరగా చివికిపోతుంది. కొబ్బరినూనె తలకు రాసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకునే ఇళ్లలో పట్టీకి ఒక గుడ్డ తొడుగు కుట్టించుకోవడం మంచి ఉపాయం.

పగిలిన పట్టీకి అందరూ ముందు చేసే పని ఫెవిక్విక్ పూయడం. అదే పొరపాటు. ఆ జిగురు గట్టిపడ్డాక గాజులా పెళుసు. కదలని చోట అతుకుతుంది, వంగే చోట నిలవదు. పైగా ఒకసారి పూశాక ఆ పొర గీకి తీయందే మరే జిగురూ పట్టదు. అనుభవమున్న మెకానిక్కు పద్ధతి వేరు. పగులు రెండు ముఖాలనూ శుభ్రంచేసి, సన్నని డ్రిల్లుతో రెండువైపులా రంధ్రం పెట్టి, అందులో ఉక్కు పిన్ను దించి, ఆరల్డైట్ లాంటి ఎపాక్సీ నింపి ఒక రాత్రి కదల్చకుండా ఉంచుతాడు. బరువు పిన్ను మోస్తుంది, జిగురు పిన్నును పట్టుకుంటుంది. చీలిక పొడవుగా ఉంటే పైన హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడిచేస్తాడు, అది కుంచించుకుని కట్టులా బిగుస్తుంది. పట్టీలోంచి ఒక గిన్నెనుంచి ఇంకో గిన్నెకు వైరు వెళ్లే రకాల్లో మాత్రం జాగ్రత్త కావాలి. డ్రిల్లు ఒక్క మిల్లీమీటరు పక్కకు పోతే ఒక చెవి మూగబోతుంది.

విరగకపోయినా పట్టీని మార్చేవాళ్లున్నారు. కొత్త హెడ్‌ఫోన్ మరీ బిగుతుగా ఉంటే తలకన్నా కొంచెం వెడల్పైన పుస్తకాల దొంతరకు తగిలించి రాత్రంతా ఉంచడం పాత చిట్కా. లోపల ఉక్కు రేకు ఉన్నవాటిని చేత్తో వంచవచ్చు, కానీ ఒకేచోట కాదు. నాలుగైదు చోట్ల కొద్దికొద్దిగా, ప్రతిసారీ తలకు పెట్టి చూసుకుంటూ. ఒట్టి ప్లాస్టిక్కు పట్టీని ఇలా వంచబోతే చేతిలోనే విరుగుతుంది. బిగుతు మరీ తగ్గిస్తే మంద్రస్థాయి పోతుందన్న పైమాట ఇక్కడ మరవకూడదు. సుఖానికీ ధ్వనికీ మధ్య బేరం అది. ఎక్కడ ఆపాలో ఎవరి చెవి వారికి చెబుతుంది.

ఈ మార్పుల ప్రియులకు ఇష్టమైన కంపెనీ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు చెందిన గ్రాడో. జోసెఫ్ గ్రాడో 1953లో గ్రామఫోన్ సూదుల కార్ట్రిడ్జిలతో మొదలుపెట్టిన కుటుంబ సంస్థ అది. హెడ్‌ఫోన్లు 1990ల నాటి సంగతి. వాటి పట్టీ బాల్డ్విన్ కాలానికి ఎంత దగ్గరంటే, ఒక వంగే రేకు, కొసల్లో ప్లాస్టిక్ దిమ్మలు, దిమ్మల్లో ఒరుసుకుంటూ జారే లోహపు కడ్డీ. అంతే. ఏళ్లు గడిస్తే రాపిడి తగ్గి కడ్డీ దానంతటదే దిగిపోతుంది. కడ్డీ ఎంతైనా తిరగగలదు కాబట్టి వైరు మెలిపడి తెగుతుంది. కడ్డీకి చిన్న హీట్ ష్రింక్ తొడుగు వేస్తే జారడం ఆగుతుంది. కొందరు అక్కడితో ఆగక పట్టీకి మందపాటి తోలు, ప్లాస్టిక్ కొక్కేల స్థానంలో అల్యూమినియంవి పెట్టుకుంటారు. ఇంత సాదా నిర్మాణం కావడంవల్లే ఇన్ని మార్పులకు తావుంది. హంగులు తక్కువైన పట్టీ ఎక్కువకాలం బతుకుతుందని గ్రాడో చరిత్ర గట్టిగానే చెబుతోంది.

బరువు సమస్య ఒక దశలో మళ్లీ తిరిగొచ్చింది. యమహా 1976లో ఇటలీ డిజైనరు మారియో బెల్లీనీ రూపకల్పనతో తెచ్చిన హెచ్‌పి-1లో డయాఫ్రం ఒక పల్చటి పొర, దాని ముఖమంతా పరిచిన అయస్కాంతాలు. ఆ పద్ధతి మళ్లీ 2008లో కాలిఫోర్నియాలో శంకర్ త్యాగసముద్రం, అలెగ్జాండర్ రోసన్ మొదలుపెట్టిన ఆడీజ్ సంస్థతో ఊపందుకుంది. వరుసగా పేర్చిన నియోడిమియం అయస్కాంతాలు, చెక్క గిన్నెలు. బరువు అరకిలో దాటింది. వాక్‌మన్ హెడ్‌ఫోన్లు పదింటికి సమానం! అంత బరువును మెత్తటి తోలు దిండు ఒకటే నడినెత్తిన మోస్తే గంటలో తల నొప్పెడుతుంది. కమాను కింద వెడల్పైన తోలు పట్టీని ఉయ్యాలలా కట్టే పద్ధతికి ఆడీజ్ తరవాత మారింది. అంతకుముందు ఆ కంపెనీ హెడ్‌ఫోన్లు కొన్నవాళ్లలో చాలామంది ఆ ఉయ్యాలను విడిగా తెప్పించుకుని పాత కడ్డీలకు బిగించుకున్నారు. 2023లో ఆ సంస్థను సోనీ కొనుక్కుంది.

ఇప్పటి పరిస్థితి రెండు పాయలుగా ఉంది. ఒకవైపు పట్టీయే లేని ఇయర్‌బడ్స్. హైదరాబాద్ శివార్లలోని కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీకి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అక్కడ తయారీకి ఎంచుకున్నది యాపిల్ ఎయిర్‌పాడ్స్. ఒక్క స్క్రూ కూడా లేకుండా జిగురుతో మూసిన వస్తువు అది. బ్యాటరీ అలిసిపోతే కోఠీలో ఎంత చేయితిరిగిన మెకానిక్కు అయినా చేయగలిగింది తక్కువ. విచిత్రం ఏమిటంటే, అదే యాపిల్ 2020 డిసెంబరులో తెచ్చిన పెద్ద హెడ్‌ఫోన్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్‌లో పట్టీని విప్పడానికి ఫోను సిమ్ తీసే పిన్ను చాలు. దిండు తీసి, కమ్మీ మొదట్లో ఉన్న చిన్న రంధ్రంలో గుచ్చితే స్టీలు కమాను మొత్తం ఊడివస్తుంది. అంత అందమైన ఏర్పాటు చేసినవాళ్లకు పట్టీ విలువ తెలియదనుకోలేం.

రెండోవైపు, విప్పదగిన వస్తువులు కావాలనే కోరిక బలపడుతోంది. నెదర్లాండ్స్ కంపెనీ ఫెయిర్‌ఫోన్ 2023లో తెచ్చిన ఫెయిర్‌బడ్స్ ఎక్స్ఎల్‌లో పట్టీతో సహా ముఖ్యభాగాలన్నీ విడిగా అమ్ముతారు. కొన్నవాళ్లే విప్పి మార్చుకోవచ్చు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఇంటి ఉపకరణాలు, వాహనాలు అందులోకి వచ్చాయి. హెడ్‌ఫోన్ యోక్‌కు, జారుడు పట్టీకి కూడా అక్కడ ఒక వరుస ఉండాలని కోరడం అత్యాశ కాదు. ఇరవై వేల రూపాయల వస్తువు యాభై రూపాయల ప్లాస్టిక్ ముక్క దొరక్క చెత్తలోకి పోవడం డబ్బు నష్టం ఒక్కటే కాదు. అందులో పనిచేస్తున్న రెండు అయస్కాంతాలు, వాటికోసం తవ్విన నేల కూడా దాంతో వృథా.

కంపెనీ ఇవ్వని ముక్కను తయారుచేసుకునే దారి మాత్రం ఇప్పుడు తెరుచుకుంది. టైటాన్ వాచీల ఫ్యాక్టరీ వచ్చిన 1980ల నుంచి హోసూరు చుట్టుపక్కల చిన్న వర్క్‌షాపులు సన్నని స్ప్రింగులు, రేకులు, మిల్లీమీటరులో వందోవంతు కొలతల పనులు చేస్తూ వచ్చాయి. విరిగిన యోక్‌ను కాలిపర్‌తో కొలిచి, కంప్యూటరులో గీసి, త్రీడీ ప్రింటరులో పోయించడం అక్కడి కుర్రాళ్లకు కష్టమైన పని కాదు. కష్టమల్లా ముక్కను ఏ వైపు పడుకోబెట్టి ప్రింటు చేయాలన్నదే. పొరమీద పొరగా పేరుకునే ప్లాస్టిక్కు పొరల మధ్య బలహీనం. యోక్‌ను నిలబెట్టి పోస్తే వంపు వచ్చే చోటే పొరలు అడ్డంగా పడి మొదటి వారంలోనే విడిపోతుంది. పడుకోబెట్టి పోస్తే పొరలు చేయి పొడవునా సాగి వంపును ఓర్చుకుంటాయి. తేలిగ్గా దొరికే పీఎల్ఏ ప్లాస్టిక్కు ఎండలో నిలిపిన కారులో మెత్తబడి వంకరపోతుంది కాబట్టి పెట్‌జీ గానీ నైలాను గానీ వాడాలి. ఇరుసు రంధ్రాన్ని కాస్త ఇరుకుగా ప్రింటు చేసి, తరవాత డ్రిల్లుతో సరైన కొలతకు తెచ్చుకుంటే గిన్నె గలగల్లాడకుండా తిరుగుతుంది.